వెగటు లేని రుచులు

ఒంగోలు చుట్టుపక్కల పొలాల్లో రెండు విషపు మొక్కలు పండుతాయి. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు, పర్చూరు, మార్టూరు వైపు నల్లరేగడిలో మిరప. వృక్షశాస్త్రం లెక్కలో ఇవి రెండూ దాయాదులు. వంకాయ, టమాటా, బంగాళాదుంపలున్న సొలనేసీ కుటుంబమే వీటిదీ. రెండూ పుట్టింది అమెరికా ఖండాల్లో, మన దేశానికి వచ్చింది పోర్చుగీసు వర్తకుల ఓడల్లో. ఆ ఓడలు రాకముందు తెలుగు వంటింట్లో కారమంటే మిరియాలూ పిప్పళ్ళే. అద్దంకి రాజధానిగా ప్రోలయ వేమారెడ్డి ఏలిన రోజుల్లో ఆయన ఆస్థానకవి ఎర్రాప్రగడ తిన్న పప్పులో మిరపకాయ లేదు, భోజనమయ్యాక ముట్టించుకోవడానికి చుట్టా లేదు. ఈ రెండూ లేకుండా ఇవాళ్టి ప్రకాశం జిల్లాను ఊహించుకోవడం నా వల్ల కాదు.

విషమన్నది ఊరికే అన్న మాట కాదు. మొక్క పరిగెత్తలేదు, తన్నలేదు, కాబట్టి తనను తినవచ్చేవాటి నోటికి, నాడులకు తగిలే రసాయనాలు తయారుచేసుకుంటుంది. మిరప చేసుకున్నది క్యాప్సైసిన్, పొగాకు చేసుకున్నది నికోటిన్. నికోటిన్ వేళ్ళలో తయారై ఆకుల్లోకి ఎక్కుతుంది. మొక్కకు గాయమైతే తయారీ ఇంకా పెరుగుతుంది. రైతు పూమొగ్గ వేసిన తలను తుంచేస్తే ఆకు మందం కావడంతో పాటు అందులో నికోటిన్ కూడా ఎక్కువవుతుంది. ఆకు కొరికిన పురుగు నాడులు పట్టు తప్పి చస్తుంది. ఒకప్పుడు దీన్నే నికోటిన్ సల్ఫేటు రూపంలో తోటల మీద పురుగుమందుగా కొట్టేవాళ్ళు. మంచుకు తడిసిన ఆకును పొద్దున్నే కోసే కూలీలకు కళ్ళు తిరిగి వాంతులయ్యేది కూడా చర్మం గుండా ఒంట్లోకి దిగిన ఈ విషం వల్లే.

ఇలాంటి రెండు విషాల్ని మనిషి కావాలని నోట్లో పెట్టుకున్నాడు. అందులో ఒకటి జీవితాంతం సరదాగానే మిగిలింది, రెండోది మెడకు ఉరిలా పడింది. మిరపకాయ లేకపోతే అన్నం సహించదనే మనిషి ఉంటాడు కానీ, దానికోసం అర్ధరాత్రి లేచి బస్టాండు దాకా నడిచేవాడు ఉండడు. సిగరెట్టు కోసం నడిచేవాళ్ళు ఉన్నారు. తేడా ఎక్కడ వచ్చింది? మనిషి గుణంలోనా, మొక్కలోనా, లేక మొక్కకూ మనిషికీ మధ్య జరిగే పనితనంలోనా? ఈ అధ్యాయమంతా ఆ మూడోదాని గురించే.

ముందు మిరప సంగతి. క్యాప్సైసిన్ నిజానికి రుచి కాదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుక మీది రుచిమొగ్గలకు తెలుస్తాయి. కారం తెలిసేది నొప్పినీ వేడినీ మోసే నాడులకు. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం ఆ నాడుల కొసన ఉండే ప్రోటీను తలుపును పట్టుకుంది. టీఆర్‌పీవీ1 అని దాని పేరు. మామూలుగా వేడి 43 డిగ్రీల సెల్సియస్ దాటితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలితే వేడి లేకుండానే తెరుచుకుంటుంది. చల్లటి పెరుగన్నంలో నంజుకున్న ఊరమిరపకాయ కూడా నోరు కాల్చేది ఇందుకే. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే తలుపు పక్షుల్లోనూ ఉంది గానీ క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు. పక్షి పండుమిరపకాయను చక్కగా తిని, గింజను చెడగొట్టకుండా ఇంకెక్కడో రెట్టతో వేస్తుంది. గింజను పళ్ళతో నమిలి నాశనం చేసే ఎలుకకు మాత్రం నోరు మండుతుంది. మిరప ఎవరిని రమ్మంటోందో, ఎవరిని పొమ్మంటోందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పొమ్మన్న జాబితాలో మనమూ ఉన్నాం.

పొమ్మన్నా పోని జంతువు మనిషి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ 1980 ప్రాంతంలో మెక్సికోలోని ఒక కొండ గ్రామంలో దీన్ని పరిశీలించాడు. చిన్నపిల్లలు కారాన్ని ఉమ్మేస్తున్నారు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి పెద్దవాళ్ళ విస్తళ్ళు చూసి తామే అడుగుతున్నారు. ఎవరూ బలవంతపెట్టడం లేదు. అదే ఊళ్ళో రోజూ ఆ కారపు ఎంగిళ్ళే తినే కుక్కలు, పందులు మాత్రం ఎన్నేళ్ళయినా కారాన్ని కావాలని కోరుకోలేదు. కారం తినేవాళ్ళు తమకు ఎంత ఇష్టమో చూపించమంటే, భరించలేని స్థాయికి సరిగ్గా ఒక్క మెట్టు కింద ఆగారు. ఒళ్ళు ప్రమాదమని కేకలు పెడుతుంటే, ప్రమాదమేమీ లేదని మనసుకు తెలిసి ఉండడంలో ఒక మజా ఉందని రోజిన్ తేల్చాడు. దెయ్యాల సినిమాకూ, తిరనాళ్ళలో జెయింట్ వీల్‌కూ టిక్కెట్టు కొనుక్కునేది ఈ మజా కోసమే. ఒంగోలులో ఇంటింటా పిల్లాడికి మొదటిసారి గోంగూర పచ్చడి ముద్ద పెట్టినప్పుడు జరిగేది ఇదే. వాడు ఏడుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు, మంచినీళ్ళు తాగిస్తారు. నాలుగోసారికి వాడే చెయ్యి చాపుతాడు.

అలవాటు పడితే నాడులు మొద్దుబారతాయి, మోతాదు కొంత పెరుగుతుంది. వ్యసనం లక్షణాల్లో ఇదొకటి కదా అని అనుమానం రావచ్చు. డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో పోయే కుర్రాడి సూట్‌కేసులో సగం బరువు పచ్చళ్ళూ కారప్పొళ్ళే. కానీ విమానాశ్రయంలో ఆ డబ్బాలు తీసేసుకుంటే వాడికి కోపం వస్తుంది గానీ చేతులు వణకవు, నిద్ర తప్పదు. కారానికి తనదైన ఆనకట్ట ఉంది. ఎక్కువైతే నోరే వద్దంటుంది, కడుపు రెండోసారి చెబుతుంది, మర్నాడు ఉదయం ఇంకా గట్టిగా చెబుతుంది.

తీపికీ ఆ ఆనకట్ట ఉంది. ఒంగోలు పేరు చెప్పగానే అల్లూరయ్య మైసూర్‌పాకు గుర్తొచ్చే తిండిప్రియులు చాలామంది. మొదటి ముక్క స్వర్గం. రెండోది బాగుంటుంది. మూడోది మొహమాటం. నాలుగోది వెగటు. అదే మనిషికి ఆ క్షణాన కారప్పూస పెడితే గుప్పెడు తింటాడు. అంటే నిండింది కడుపు కాదు. 1980ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో బార్బరా రోల్స్, ఆమె సహచరులు ఈ సంగతిని ప్రయోగాల్లో తేల్చారు. ఒక రుచిని వరసగా తింటే ఆ రుచి మీదే ఇష్టం తగ్గుతుంది, తినని రుచుల మీద అలాగే ఉంటుంది. పెళ్ళిభోజనంలో ఇరవై రకాలు వడ్డిస్తే ఒంటి మోతాదు మరిచిపోయేది అందుకే. ఒక రకానికి వెగటు వచ్చేలోపు ఇంకో రకం విస్తట్లో పడుతుంది. వెగటును మనవాళ్ళు చెడ్డదిగా చూస్తారు గానీ, నన్నడిగితే సుఖాలన్నింటిలోనూ సహజంగా అమర్చి ఉన్న మంచి ఏర్పాటు అది. వ్యసనాల చరిత్ర చాలా మటుకు ఆ ఏర్పాటును విప్పేసిన చరిత్రే.

దాన్ని విప్పేసిన పరికరం ఈ జిల్లాలో ఊరూరా కనిపిస్తుంది. అదే పొగాకు బ్యారన్, ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం.

నాటు పొగాకుతో చేసిన చుట్ట గుర్తుందా? ఎండలోనో గాలికో ఎండిన ముదురు ఆకు అది. దాని పొగ క్షారగుణం గలది. గొంతులోకి పీలిస్తే పొలమారి దగ్గు తన్నుకొస్తుంది. అందుకే చుట్ట తాగే తాతలు పొగను నోట్లోనే తిప్పి వదిలేవాళ్ళు. క్షార పొగలోని నికోటిన్ బుగ్గల లోపలి పొర గుండా నెమ్మదిగా రక్తంలో కలిసేది. చుట్ట మంచిదని నేననడం లేదు, నోటి క్యాన్సర్లకు అది రాచబాటే. కానీ ఊపిరితిత్తుల దాకా పోనివ్వకుండా గొంతు కాపలా కాసేది.

1839లో అమెరికాలో ఉత్తర కరొలినా రాష్ట్రంలో స్లేడ్ అనే భూస్వామి పొలంలో స్టీఫెన్ అనే నల్లజాతి బానిస కుర్రాడు ఆకు ఆరబెట్టే కొట్టంలో మంటకు కాపలా ఉన్నాడు. రాత్రి కునుకు పట్టింది, మంట ఆరిపోవచ్చింది. కంగారుపడి కమ్మరి కొలిమి దగ్గరి బొగ్గులు తెచ్చి వేశాడు. వేడి ఒక్కసారిగా ఎగబాకింది. తెల్లారేసరికి ఆకు బంగారు రంగుకు తిరిగి ఉంది. భూస్వామికి లాభాలు తెచ్చిపెట్టిన ఆ పద్ధతే మెరుగుపడి, గొట్టాల గుండా వేడి పంపి ఆకు కాల్చే క్యూరింగ్ అయింది. 1920లలో గుంటూరు ప్రాంతానికి వచ్చింది. తర్వాతి కాలంలో దక్షిణాన ఒంగోలు, కందుకూరు తేలిక నేలలు దానికి పెట్టింది పేరయ్యాయి.

బ్యారన్‌లో ఐదారు రోజులు జరిగేది ఇది. కర్రలకు కట్టి వేలాడదీసిన పచ్చి ఆకు మొదట గోరువెచ్చని వేడిలో పసుపు పచ్చగా మారుతుంది. ఆ దశలో ఆకులోని పిండిపదార్థం చక్కెరలుగా విడిపోతుంది. సరిగ్గా అప్పుడు వేడి పెంచి ఆకును ఆరబెడితే చక్కెరలు అలాగే నిలిచిపోతాయి. చివరికి 70 డిగ్రీల దాకా తీసుకుపోయి ఈనెను కూడా ఎండిస్తారు. ఒక్క రోజు అటూ ఇటూ అయితే రంగు చెడుతుంది, వేలం కేంద్రంలో ధర పడుతుంది. రైతు రాత్రుళ్ళు నిద్ర మానుకుని చూసేది ఆ రంగునే. ఆయన చూడని రసాయన శాస్త్రం ఇంకొకటి అక్కడే జరిగిపోతుంది. చక్కెర ఎక్కువున్న ఆకు కాలితే పొగ ఆమ్లగుణానికి మారుతుంది. ఆమ్లపు పొగ గొంతును పట్టదు. నోట్లో నికోటిన్ దాదాపుగా ఇంకదు కాబట్టి లోతుగా పీల్చక తప్పదు, పీల్చడానికి హాయిగానే ఉంటుంది. లోపల ఊపిరితిత్తులు పరిచి చూస్తే దాదాపు 70 చదరపు మీటర్లు. అంత మేర నుంచి రక్తంలోకి, అక్కణ్ణించి మెదడుకు పది ఇరవై సెకన్లలో నికోటిన్ చేరుతుంది. 1880లలో జేమ్స్ బాన్సాక్ కనిపెట్టిన యంత్రం సిగరెట్లను లక్షల్లో చుట్టి పడేయడం మొదలయ్యాక, గొంతు కాపలా తప్పించుకున్న ఈ పొగ ప్రపంచమంతా తిరిగింది.

మెదడుకు చేరే ఈ వేగం దగ్గర ఆగడానికి కారణం ఉంది. సిగరెట్టుకు సుమారు పది దమ్ములు వేసుకుందాం. రోజుకు ఇరవై తాగే మనిషి ఏడాదికి 73 వేల సార్లు తన మెదడుకు ఒక చిన్న బహుమానం పంపుకుంటున్నాడన్నమాట. పీల్చడానికీ ఫలితానికీ మధ్య ఎడం లేదు. ఒంట్లో చేరిన నికోటిన్ రెండు గంటల్లో సగానికి పడిపోతుంది, మళ్ళీ లోటు తెలుస్తుంది. వెగటు పుట్టేంత మోతాదు ఒక్కసారి రాదు, ఆకలి తీరేంత సేపూ ఉండదు. కావాలని కూర్చుని గీసినా ఇంతకన్నా పకడ్బందీ పథకం కుదరదేమో. బీడీ, ఖైనీ, గుట్కాల దారులు వేరు, వాటి లెక్కలు వేరు. 2016–17లో జరిపిన జాతీయ సర్వేలో మన దేశంలో పెద్దల్లో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది, అందులో పొగ లేని రకాలు వాడేవాళ్ళే ఎక్కువ. సిగరెట్టు పెట్టె మీద 85 శాతం భాగం భయపెట్టే బొమ్మ ఉండాలని ఒక కేంద్ర మంత్రిత్వశాఖ నియమం పెట్టింది. అదే పొగాకు ఎగుమతి పెరగాలని చూసే బోర్డు, గుంటూరు కేంద్రంగా, ఇంకో కేంద్ర మంత్రిత్వశాఖ కింద ఉంది. దీని మీద వ్యాఖ్య అనవసరం.

ఇక మెదడులోకి పోదాం. వ్యసనపరుడంటే సుఖం మరిగినవాడని లోకం అనుకుంటుంది. శాస్త్రం కూడా చాలాకాలం అలాగే అనుకుంది. 1954లో మాంట్రియల్‌లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో ఒక చోట సన్నని తీగ పెట్టి, మీట నొక్కితే అక్కడ చిన్న విద్యుత్తు తగిలేలా అమర్చారు. ఎలుకలు వదలకుండా నొక్కుతూనే పోయాయి. సుఖకేంద్రం దొరికిందన్నారు. ఆ దారుల్లో ప్రవహించే డోపమైన్‌ను సుఖరసాయనమన్నారు. ఇవాళ్టికీ మన పత్రికల్లో, యూట్యూబు ఉపన్యాసాల్లో డోపమైన్ పేరు అలాగే నలుగుతోంది.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ ఒక తుంటరి ప్రశ్న వేశాడు. ఎలుకకు డోపమైన్ పూర్తిగా తీసేస్తే తీపి తీపిగా ఉండదా? అలాంటి ఎలుకలు తిండి ఎదురుగా ఉన్నా కదలవు. నోట్లో పెట్టకపోతే ఆకలితో చస్తాయి. కానీ నాలుక మీద చక్కెర నీటి చుక్క వేస్తే మామూలు ఎలుకల్లాగే పెదవులు నాక్కున్నాయి. ఇష్టం చెక్కుచెదరలేదు, పోయింది దానికోసం లేచి వెళ్ళాలనే లాగుడు. 1993లో బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పారు. ఇష్టపడడమూ, యావ పడడమూ మెదడులో రెండు వేర్వేరు పనులు. మాదకద్రవ్యాలు రెండోదాన్ని రాను రాను సున్నితం చేస్తాయి. మొదటిది ఉన్నచోటే ఉంటుంది, లేదా తగ్గుతుంది. సిగరెట్టు తాగేవాణ్ణి నిజం చెప్పమనండి. పొద్దున మొదటిదీ, భోజనం తర్వాతదీ బాగుంటాయంటాడు. మిగిలిన పద్దెనిమిదీ ఎందుకు తాగాడో అతనికే తెలియదు. సుఖం కోసం చెడిపోయాడని ఊరు అంటుంది గానీ, సుఖం అతన్ని వదిలేసి చాలాకాలమైంది.

మనుషుల్లో దీనికి చిత్రమైన సాక్ష్యం పార్కిన్సన్స్ వ్యాధి చికిత్సలో దొరికింది. ఆ వ్యాధిలో డోపమైన్ తగ్గుతుంది. దాని పని చేసిపెట్టే కొన్ని మందులు వాడినప్పుడు, జీవితమంతా నియమంగా బతికిన పెద్దమనుషుల్లో కొందరు ఉన్నట్టుండి జూదానికి, అదుపులేని కొనుగోళ్ళకు దిగారు. మందు మార్చితే చాలామందిలో ఆ పిచ్చి వదిలింది. సంస్కారం లేకపోవడం, పెంపకం సరిగా లేకపోవడం అని మనం తేలిగ్గా తేల్చేసే విషయాల్లో ఒక మాత్ర మోతాదు ఇంత పని చేయగలిగిందంటే, తీర్పులు చెప్పేముందు కాస్త ఆగాలి.

జూదం మాట వచ్చింది కాబట్టి పేకాట. 1967లో సికింద్రాబాద్ క్లబ్బొకదానికీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నడిచిన కేసులో సుప్రీంకోర్టు, రమ్మీలో ప్రధానమైనది నేర్పే గానీ అదృష్టం కాదని చెప్పింది. ఏ ముక్క ఉంచాలో, ఏది పారేయాలో గుర్తుపెట్టుకోవాలి కదా అన్నది వాదం. చట్టం దృష్టిలో అది సరే. మెదడు మాత్రం నేర్పును కొలవదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడాను కొలుస్తుంది. వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులతో చేసిన ప్రయోగాల్లో, పళ్ళరసం మొదట అనుకోకుండా దొరికినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి తెలిశాక, స్పందన రసం దగ్గర మానేసి దీపం దగ్గరకు జరిగింది. దీపం వెలిగి రసం రాకపోతే కణాలు మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోయాయి. నెలనెలా తప్పకుండా వచ్చే జీతం కన్నా, వస్తుందో రాదో తెలియని నూరు రూపాయలు మనసును ఎక్కువ లాగుతాయి. ఒక్క ముక్క తక్కువై ఆట పోయినప్పుడు మరీను. కేంబ్రిడ్జిలో లూక్ క్లార్క్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, కొద్దిలో తప్పిపోయిన ఓటమి గెలుపు తాలూకు దారుల్నే మెదడులో కదిపింది, ఇంకో ఆట ఆడాలనే కోరిక పెంచింది.

ఇదంతా చావిడిలో పేకాటకూ వర్తిస్తుంది. అయితే చావిడి ఆటకు తెల్లారుతుంది. నాలుగో చేయి లేచి పాలు పిండడానికి పోతాడు. జేబు ఖాళీ అవుతుంది, భార్య వచ్చి చెడామడా తిడుతుంది, పోలీసు జీపు చప్పుడవుతుంది. ఫోనులో రమ్మీకి ఇవేవీ లేవు. పగలూ రాత్రీ ప్రత్యర్థి సిద్ధం. ఓడిన డబ్బు కంటికి కనిపించదు, చేతికి తగలదు. అప్పు ఇచ్చే యాప్ పక్కనే ఉంటుంది. బ్యారన్ గొంతుకు చేసిన మేలేదో ఫోను పేకాటకు చేసింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని చట్ట సవరణలతో నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది.

నిషేధం అనగానే ఈ నేలకు చాలా జ్ఞాపకాలున్నాయి. ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగిన కొన్నాళ్ళకే, 1954 నవంబరులో ఆయన ప్రభుత్వం మద్యనిషేధం వివాదం మీద అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధం ఎత్తేయాలని కోరినవాళ్ళ పక్షాన కల్లుగీత కార్మికుల జీవనం ఉంది, ఉంచాలన్నవాళ్ళ పక్షాన గాంధీ ఆశయం ఉంది. రెండూ తోసిపుచ్చదగినవి కావు.

1980లలో రాష్ట్ర ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో ఊళ్ళలోకి పంపింది. ఇక్కడ కూడా పనితనాన్ని చూడాలి. సీసా కావాలంటే పట్నం పోవాలి, నలుగురిలో కొనాలి. ప్యాకెట్టు కూలి డబ్బులకు సరిపడే ధరలో, చొక్కా జేబులో పట్టే మోతాదులో, పొలం గట్టుకే వచ్చింది. దూరం, ఖరీదు, సిగ్గు అనే మూడు అడ్డంకుల్నీ ఒక్క ప్లాస్టిక్ సంచి తీసేసింది. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ చదువుకుని, తమ ఊళ్ళో సారా దుకాణం ఎందుకుండాలని అడిగారు. మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఉద్యమంతో పాటు నిలిచిపోయింది. 1992 నాటికి జిల్లా అంతటా సారా వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది.

దుకాణం పోతే తాగుడు పోతుందా? చాలావరకు పోతుందనడానికి సంబంధం లేని దేశం నుంచి ఒక సాక్ష్యం ఉంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల్లో దాదాపు ఐదోవంతు హెరాయిన్ లాంటివాటికి బానిసలయ్యారు. దేశమంతా బెంబేలెత్తింది. సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్ 1971లో తిరిగొచ్చినవాళ్ళను వెతికి పట్టుకుని అడిగితే, అక్కడ బానిసలైనవాళ్ళలో ఇంటికొచ్చిన తొలి ఏడాదిలో మళ్ళీ ఆ స్థితికి చేరినవాళ్ళు సుమారు 5 శాతమే. మందు చవగ్గా దొరికే చోటు పోయింది, భయం పోయింది, తోటి బానిసలు చెదిరిపోయారు, యావను లేపే గుర్తులేవీ కంటపడలేదు. దూబగుంట ఆడవాళ్ళు చేసింది ఊరు మార్చకుండానే ఊళ్ళోంచి ఆ గుర్తుల్ని తీసేయడం.

అక్కడితో ఆపితే కథ బాగుండేది. కానీ 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడు ఉంది. కరోనా కేసులు పెరగడంతో ఊళ్ళో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. అంతకు ముందు మే నెలలోనే రాష్ట్రంలో మద్యం ధరలు మొత్తం మీద 75 శాతం పెంచారు. తాగకుండా ఉండలేని మనుషులు చేతులకు రాసుకునే శానిటైజర్‌ను నీళ్ళలో, కూల్‌డ్రింకుల్లో కలుపుకుని తాగారు. రెండు మూడు రోజుల్లో పది మందికి పైగా చనిపోయారు. మొదట పోయినవాళ్ళలో గుడి దగ్గర అడుక్కుని బతికేవాళ్ళున్నారు. ఎవరు చెప్పినా వినని మొండితనం అని అప్పుడు చాలామంది అన్నారు.

ఒంట్లో జరిగేది చూస్తే మొండితనం మాట నిలవదు. మద్యం మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పని పెంచుతుంది, ఉద్రేకపరిచే గ్లుటమేట్ పని తగ్గిస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగితే మెదడు ఎదురు సర్దుబాటు చేసుకుని, మద్యం ఉంటేనే సమతూకంగా ఉండేలా తయారవుతుంది. ఒక్కసారిగా మద్యం ఆగిపోతే ఆ ఎదురు సర్దుబాటు ఒక్కటే మిగులుతుంది. ఆరేడు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపించి, వినిపించి, జ్వరం, గుండెదడతో ప్రాణం మీదికి వస్తుంది. నికోటిన్ మానితే చిరాకు, హెరాయిన్ మానితే నరకం అనిపిస్తుంది గానీ, మామూలు ఆరోగ్యం ఉన్న మనిషిని మానడం నేరుగా చంపడం అరుదు. మద్యం మానడం చంపగలదు. ఆ స్థితిలో ఉన్నవాడు శానిటైజర్‌లో వెతికింది మజా కాదు, వణుకు ఆగడం.

శానిటైజర్‌లో ఉండవలసింది ఇథైల్ ఆల్కహాలో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో. రెండోది తాగడానికి మొదటిదానికన్నా ప్రమాదం. ఖర్చు తగ్గించుకోవడానికి ఎవరైనా మిథనాల్ కలిపితే కాలేయం దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆ తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. కళ్ళు పోతాయి, రక్తం ఆమ్లమై మనిషే పోతాడు. కల్తీసారా చావుల్లో కనిపించేది ఈ మిథనాలే.

దూబగుంటలో దుకాణం మూసింది ఇంట్లో మనుషులు. వణికే భర్తకు గంజి పోసేదీ, రాత్రి పక్కన కూర్చునేదీ వాళ్ళే. కురిచేడులో దుకాణం మూసింది ఉత్తర్వు, చనిపోయినవాళ్ళలో కొందరికి ఇల్లే లేదు. ఈ తేడాకు వైద్యశాస్త్రంలో పేరు లేదు గానీ విలువ ఉంది. పేరున్న వైద్యమూ ఉంది. డయజెపామ్ లాంటి మాత్రలు గాబా లోటును తాత్కాలికంగా పూడ్చి, రోజురోజుకూ మోతాదు తగ్గిస్తూ మెదడును మెల్లగా దించుతాయి. తాగుడుతో ఒంట్లో కరువైన థయమిన్‌ను, అంటే విటమిన్ బి1ను, సూది ద్వారా ఇస్తారు. అది ఇవ్వకుండా ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదముంది. రెండూ చవకైన మందులే. ప్రాణగండం తొలి నాలుగైదు రోజులదే. వారానికి వణుకు తగ్గుతుంది, సరైన నిద్ర పట్టడానికి నెలలు పడుతుంది. దుకాణం ముందు నుంచి నడిచిపోయేటప్పుడు లోపల లేచే లాగుడు ఏళ్ళ తర్వాత కూడా లేవవచ్చు.